బెల్లం కరిగేదాకా

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ. గడప దగ్గర వద్దు, అక్కడికి ఎండ వస్తుంది. ఈ గోడ నీడలోకి రండి. చాయ్ పొయ్యి మీద పెట్టాను, అది మరిగేలోపు మొదలుపెడతాను. పిల్లలను కూడా రమ్మనండి. ఇది పిల్లల ముచ్చటే కానీ, మన పెద్దవాళ్లం తల దించుకుని వినాల్సిన ముచ్చట.

మొన్న ఆర్మూర్ అంగడికి పోయాను. బెల్లం అమ్మే ఆయన ముద్దలోంచి చిన్న పలుకు విరిచి, రుచి చూడమని నా చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకున్నానో లేదో, గుండె దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏం తప్పు చేశాను నేను, ఎవరు చూశారు, ఎట్లా తెలిసింది అని ఒకటే భయం. నేను మనుమలను ఎత్తుకున్న దాన్ని. నడి అంగడిలో, చేతిలో సంచి పట్టుకుని, బెల్లం పలుకుకు వణికిపోయాను.

"ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్? పుల్లగున్నదా?" అన్నాడాయన.

"లేదు నాయనా, తియ్యగనే ఉన్నది. మా వదినె యాదికొచ్చింది" అన్నాను.

మా వదినె అంటే నా మొగుడికి సొంత అక్క. మోర్తాడ్‌లో ఇచ్చారు ఆమెను. పోయిన ఎండాకాలం చనిపోయింది. బతికున్నన్నాళ్లు, పసుపు ఉడకబెట్టే రోజులు రాగానే పుట్టింటికి వచ్చేది. బాల్కొండ తొవ్వలో ఉన్న మా చేను దగ్గర, పసుపు తవ్వడం నుంచి ఎండబెట్టిన కొమ్ములు సంచులకు ఎత్తేదాకా ఆమెదే పెత్తనం. మా ఆయనా, దుబాయ్ పోకముందు మా మరిదీ పేరుకే మొగోళ్లు. ఒక్కో కొమ్మును వేళ్ల మధ్య విరిచి, లోపలి రంగు చూసి, "ఇంకో జర ఉడకాలె" అని ఆమె అంటే ఉడకాల్సిందే.

ఆమె వస్తుందంటే ముందు ఆమె డబ్బా వచ్చేది. గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన పాలపొడి డబ్బా. బొమ్మ మొత్తం అరిగిపోయింది, మూత మీద సొట్ట. అందులో బెల్లం పలుకులు. బస్సు దిగి, చంకలో ఆ డబ్బా పెట్టుకుని మా వాకిట్లోకి వస్తుంటే, మా ఇంటి పిల్లలు నవ్వుతూ ఎదురు పోయేవాళ్లు. కానీ వాళ్ల కళ్లు మాత్రం డబ్బా మీదే ఉండేవి. ఎందుకో చెప్తాను.

మామూలు ఇళ్లల్లో బెల్లం పెడితే పిల్లలు ఎగురుతారు. మా ఇంట్లో బెల్లం పెడితే ఏడ్చేవాళ్లు.

ఆమె పద్ధతి అట్లాంటిది. ఎవరైనా పిల్లాడు తప్పు చేశాడని తెలిస్తే, అరవదు, ఉరకదు. నెమ్మదిగా డబ్బా మూత తీసేది. ఆ సొట్ట మూత 'టక్' అని చప్పుడు చేసేది. ఆ చప్పుడుకే కొందరు మంచం కింద దూరేవాళ్లు. పలుకు తీసి పిల్లాడి నోట్లో పెట్టి, తను నేల మీద మఠం వేసుకుని కూర్చుని, "ఊఁ, ఇగ నీ దిక్కు మాట చెప్పు" అనేది. బెల్లం కరిగేదాకా ఒక్క మాట అడ్డం పోదు. ఎంత అబద్ధం చెప్పినా వింటుంది, ఎంత ఏడ్చినా వింటుంది. అంతా కరిగాక, చీర కొంగుతో మూతి తుడిచి, అప్పుడు తిట్టేది. ఆ తిట్టు మామూలు తిట్టు కాదు తల్లీ, చేసిన పనిని విప్పి, ముక్కముక్కగా కింద పరిచి చూపించేది. ఎన్నడూ చెయ్యి ఎత్తేది కాదు.

"గా బెల్లం ఎందుకు వదినె, ఊకె తిట్టరాదు?" అని నేను ఒకసారి అడిగాను.

"నోరు ఖాళీగ ఉన్న పిల్ల ముందుగాల ఏడుస్తది. నోట్ల తీపి ఉంటే ఏడువలేదు, చెప్తది" అంది. ఇంకో మాట కూడా అంది. "నాకు గూడ జర కోపం దిగాలె గదా పిల్లా. గది కరిగేలోపు నాది గూడ కరుగుతది."

పలుకు సైజును బట్టి తప్పు సైజు ఉండేది. బఠాణీ గింజంత పలుకైతే, పొరుగింటి జామకాయ దొంగతనం. నిమ్మకాయంత అయితే ఇక చూసుకోండి, ఎవరి తలో పగిలి ఉంటుంది. నా బిడ్డ ఒకసారి పక్కింటి పిల్ల జడను కత్తెరతో సగం కోసింది. వదినె డబ్బాలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, నా బిడ్డ ముందే, "అత్తమ్మా, చిన్నదే పెట్టు, చిన్నదే పెట్టు, జడ మళ్ల వస్తది గదా!" అని కాళ్లు పట్టుకుంది.

ఇంట్లో పిల్లల వరకే కాదు. వీధిలో పిల్లాడు కుక్క మీద రాయి వేసినా ఆమె ఊరుకునేది కాదు. కానీ ఎవరి పిల్లనైనా తాకే ముందు ఆ తల్లిని అడిగేది. గోడ మీద నుంచి తల పెట్టి, "ఏమమ్మా, మీ పోరనికి జర బెల్లం పెడుత, పెట్టొద్దా?" అనేది. వాళ్లకు అర్థమయ్యేది. "పెట్టు వదినె, పెద్ద పలుకే పెట్టు, నేను చెప్తె ఇంటలేడు" అనేవాళ్లు. ఒక్క తల్లి కూడా వద్దనలేదు.

మా ఆయనకు కూడా ఒకసారి పెట్టింది. కల్లు ఎక్కువై, చేను దగ్గర కూలోళ్లతో గొడవ పెట్టుకుని వచ్చాడు. అందరి ముందు డబ్బా 'టక్' మంది. నలభై ఏళ్ల మనిషి, మీసాలాయన, బెల్లం పలుకు నోట్లో పెట్టుకుని, "అక్కా, గది గట్ల కాదే" అని చిన్న పిల్లాడిలా చెప్పుకుంటుంటే, నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని నవ్వుకున్నాను.

అట్లాంటి మనిషి. ఇక ఇప్పుడు చెప్పేది వినండి. ఇది నా కళ్ల ముందు జరిగింది.

మా మరిది దుబాయ్‌లో పని చేస్తాడు. ఆయన భార్యను నేను చెల్లె అంటాను. వాళ్లకు ఒక్కడే కొడుకు. వాడిని అందరం చిన్నోడు అనేవాళ్లం. అప్పుడు వాడు మూడో తరగతి. ఎంత అల్లరంటే, ఇంట్లో ఏ చప్పుడు వినపడినా, చూడకుండానే "చిన్నోడే" అనేవాళ్లం. గిన్నె పడితే చిన్నోడు. కోడి అరిస్తే చిన్నోడు. కరెంటు పోయినా ఒకసారి మా అత్త, "చిన్నోడు ఎక్కడరా?" అంది.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే బాయిలర్ మా కల్లానికి వచ్చింది. అది ఊరూరా తిరిగే బండి. మన వంతు వచ్చినప్పుడే పని ముగించుకోవాలి, లేదంటే పక్క ఊరికి పోతుంది. అందుకని అందరం ఉరుకులు పరుగులు. బాయిలర్ నుంచి ఆవిరి పైపులో డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్ములో పచ్చి పసుపు ఉంటుంది. ఆవిరి వదలడానికీ ఆపడానికీ పైపుకు ఒక పిడి. ఎత్తితే వస్తుంది, దించితే ఆగుతుంది.

మొదటి రోజు చిన్నోడు పోయి ఆ పిడి ఎత్తాడు. ఆవిరి బుస్సుమంది, కూలోళ్లు అంతా చెదిరిపోయారు. ఎవరికీ ఏం కాలేదు. వదినె వాడిని కూర్చోబెట్టి బెల్లం పెట్టింది.

"చెప్పు."

"రైలు లెక్క కూతేస్తదని ఎత్తిన అత్తమ్మా."

"గా మరిగే నీళ్ల ఆవిరి మనిషి మీద పడితే తోలు ఊడొస్తది. మళ్ల ముట్టుకుంటవా?"

"ముట్ట."

"ఎవలి మీద ఒట్టు?"

"బెల్లం డబ్బా మీద ఒట్టు."

అందరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

మరునాడు మధ్యాహ్నం. ఎండ నెత్తి మీద ఉంది. వదినె ఉడికిన పసుపు కుప్ప దగ్గర వంగి, వేడి వేడి కొమ్ములను రెండు చేతులతో పరుస్తోంది. మోచేతుల దాకా పచ్చగా, తడిగా ఉంది. కూలికి వచ్చిన రాజవ్వ డ్రమ్ము దగ్గర ఉంది. ఉన్నట్టుండి బుస్సుమని చప్పుడు, దాని వెనకే రాజవ్వ కేక. తెల్లగా ఆవిరి కమ్ముకుంది. నేను చాట కింద పడేసి చూశాను. రాజవ్వ కాలు పట్టుకుని కింద కూలబడింది. పిడి దగ్గర చిన్నోడు. రెండు చేతులూ పిడి మీదే ఉన్నాయి.

వదినె ఎట్లా లేచిందో, ఎట్లా ఉరికిందో నాకు తెలియదు. అంత పెద్ద మనిషి అంత జోరుగా కదలడం నేను ఎన్నడూ చూడలేదు. పోవడం పోవడం చిన్నోడి చెంప మీద కొట్టింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆవిరి పోయింది. చప్పుడు పోయింది. బాయిలర్ అతను కూడా చేతిలో కట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆమె కొట్టింది. ఎన్నడూ కొట్టని ఆమె కొట్టింది.

ఇంకో విచిత్రం. చిన్నోడు ఏడవలేదు. బెల్లం చూస్తేనే కళ్లనీళ్లు పెట్టుకునే వాడు, చెంప పగిలేలా కొడితే ఏడవలేదు. ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వాడి చెంప మీద అయిదు వేళ్లు పచ్చగా పడ్డాయి. పసుపు చెయ్యి కదా. ఎర్రగా వాచడం కాదు తల్లీ, పచ్చగా, రాసినట్టు, బొటన వేలి గీతలతో సహా.

చెల్లె కల్లానికి ఆ చివరి నుంచి వచ్చింది. చేతిలో నీళ్ల బిందె. కొడుకు చెంప చూసింది, మా వదినె చెయ్యి చూసింది. బిందె కింద పెట్టింది.

"వదినె! నా కొడుకును కొట్టనీకి నువ్వెవలు?"

"మేనత్తను."

"మేనత్తవైతే పెండ్లికి పెట్టు పసుపు. చెంప మీద గిట్ల పెడ్తరా?"

"రాజవ్వ కాలు చూసినవా? జర అటిటైతే మనిషి పాణం పోతుండె. నిన్న ఒట్టు పెట్టిండు, ఇయ్యాల మళ్ల పట్టిండు."

"తప్పు చేస్తే నాకు చెప్పు. నా చేతులు పడిపోయినయా? నా కొడుకును నేను కొట్టుకుంట, చంపుకుంట, నీకెందుకు?"

మా ఆయన నడుమ పోయాడు. "మేనత్త కొడితే ఏమైతదమ్మా? మమ్మల్ని మా మేనత్తలు కొట్టలేదా?"

"కొట్టబట్టే గిట్ల తయారైన్రు" అంది చెల్లె.

కూలోళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కానీ చెల్లె నవ్వే మనిషిలా లేదు. "వాని నాయిన ఇక్కడ లేడని తలా ఒక చెయ్యి ఎత్తుతున్నరు. పెదనాయిన తిట్టవట్టె, తాత తిట్టవట్టె, పక్కింటోళ్లు తిట్టవట్టె. ఒక్క నాయిన దుబాయ్ పోతే, నా కొడుక్కు ఇంతమంది నాయినలు పుట్టుకొచ్చిన్రు. నువ్వొక్కదానివి అడిగి తిడుతవనుకున్న. నువ్వు గూడ గంతే."

నేనైతే చెల్లె పక్కా ఉండలేక, వదినె పక్కా ఉండలేక రాజవ్వ కాలికి చన్నీళ్లు పోస్తూ కూర్చున్నాను. కాలు కొద్దిగా కమిలింది, అంతకంటే ఎక్కువ కాలేదు. రాజవ్వ మాత్రం పిడి వైపే చూస్తోంది. ఏదో చెప్పబోయి, మింగింది. దెబ్బకు భయపడింది అనుకున్నాను.

ఆ సాయంత్రం, అన్నాలు కాకముందే దుబాయ్ నుంచి ఫోన్ వచ్చింది. మా మరిది రోజూ ఆ వేళకే వీడియోలో కొడుకును చూసుకుంటాడు. చెల్లె అప్పటికి వాడి చెంపకు సబ్బు రుద్దింది, శనగపిండి రుద్దింది. పసుపు పోతుందా? ఇంకా నిగనిగలాడుతోంది. చెల్లె మాట్లాడకుండా ఫోన్ తీసుకుపోయి కొడుకు మొహం ముందు పెట్టింది. మా మరిది పక పక నవ్వాడు.

"ఏం రా! ఎవల పెండ్లి ఉన్నది మనింట్ల? చెంపకు పసుపు పెట్టుకున్నవ్?"

"అత్తమ్మ కొట్టింది" అన్నాడు చిన్నోడు.

నవ్వు ఆగిపోయింది. ఫోన్‌లో ఆయన మొహం చూసి నాకు భయమేసింది. తెర ఆగిపోయిందేమో అనుకున్నాను, అంత కదలకుండా ఉన్నాడు. ఆ అయిదు వేళ్లు ఎవరివో ఆయనకు తెలుసు. తల్లి పొలం పోతే ఆయనను సాకినవి ఆ వేళ్లే. ఆయన పెళ్లికి చెల్లె చెంపలకు పసుపు రాసినవి కూడా ఆ వేళ్లే.

"అక్క కొట్టిందా?" అన్నాడు. "అక్క కొట్టదే."

"చూస్తున్నవ్ గదా" అంది చెల్లె.

"అక్కకు ఫోనియ్యి."

వదినె పెరట్లో, నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఉంది. చింతపండు, బూడిద కలిపి కుడి చెయ్యి రుద్దుకుంటోంది. తోలు లేచిపోతుందేమో అన్నట్టు రుద్దుతోంది. నేను ఫోన్ తీసుకుపోతే, వద్దని తల ఊపి గోడ వైపు తిరిగింది. "ఏం మొఖం పెట్టుకుని మాట్లాడుదు?" అంది.

తెల్లారింది. ఆ పొద్దు మా ఇంట్లో రెండు సంచులు తయారయ్యాయి. చెల్లె కొడుకును తీసుకుని బాల్కొండ, తల్లిగారింటికి పోతానంది. ఇక ఈ ఇంటికి రానని, మొగుడు దుబాయ్ నుంచి వచ్చినా అక్కడికే రావాలని ఖరారుగా చెప్పింది. వదినె మోర్తాడ్ పోతానంది. ఇక పసుపుకు రానంది. మా అత్త ఒక మూల తలపట్టుకుని, మా ఆయన ఇంకో మూల. ఎవరు పిలిచారో, ఆర్మూర్ నుంచి ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. ఇద్దరు ఆడవాళ్లు సంచులతో బయటకు వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూడడం లేదు. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కబోయారు.

ఆటో అతను బిక్కమొహం వేశాడు. "యాడికి పోవాలమ్మా?"

"బాల్కొండ."

"మోర్తాడ్."

"ఒకటి అటు, ఒకటి ఇటు! నా ఆటోకు మూతి ఒకటే ఉన్నదమ్మా" అన్నాడు.

అప్పుడే రాజవ్వ వచ్చింది. పనికి కాదు. కాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. సంచులు చూసింది. వాకిట్లోనే నిలబడి ఏడ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందే రాజవ్వా, కాలు నొస్తున్నదా?" అన్నాను.

"కాలు కాదు అవ్వా. పోరడు కాదు. పోరడు ఎత్తలే ఆ పిడి." ఆమె మాటలు తడబడుతున్నాయి. "నా కొంగు చిక్కిందవ్వా. పిడికి చిక్కింది, నేను చూస్కోక గుంజిన. అది లేచింది. ఆవిరి వచ్చింది. పోరడు ఉరికొచ్చి దించిండు. వాడు దించకుంటే నా కాళ్లు రెండు ఉడికిపోతుండె. గంతల్నే ఈమె కొట్టింది. కొట్టినంక నా నోరు పెగల్లే. చెప్తే బాయిలర్ ఆయన నన్ను పనికి పిలువడని భయమైంది. పొద్దటిదాక కన్ను మూతపడలే అవ్వా."

నేను నా మనసులో నిన్నటి కల్లంలోకి పోయాను. అవును. ఆమె కొట్టేసరికి ఆవిరి ఆగిపోయి ఉంది. ఇంతమందిమి చూశాం. ఆవిరి ఆగింది కదా, ఎవరు ఆపారు అని ఒక్కరికీ తట్టలేదు. చప్పుడు వినపడితే చిన్నోడే అనుకోవడం మాకు అలవాటైపోయింది.

చెల్లె కూడా కొడుకు వైపు తిరిగింది. ఆమె కూడా, తప్పు చేశాడనే అనుకుని వాడి తరఫున కొట్లాడింది కదా. "మరి చెప్పలేదేందిరా?"

చిన్నోడు ఆటో చక్రం వైపు చూస్తూ అన్నాడు. "ఎవలు అడుగలే."

మళ్లీ తనే అన్నాడు. "అత్తమ్మ బెల్లం పెట్టలే గదా. ఎట్ల చెప్పాలె?"

అమ్మలారా, ఆ మాట మళ్లీ ఒకసారి వినండి. వాడి లెక్కలో చెప్పుకోవడానికి ఒక వేళ ఉంది. బెల్లం నోట్లో పడితే ఆ వేళ వస్తుంది. నిన్న అది రాలేదు. అందుకని వాడు నోరు తెరవలేదు.

వదినె చేతిలో సంచి కింద పడింది. డబ్బా సంచిలోంచి దొర్లి వచ్చింది. ఆమె దాన్ని తీసుకుని, చిన్నోడి ముందు మట్టి నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. మా ఇంటి పెద్ద ఆడబిడ్డ. మా అత్త తర్వాత అందరూ మొక్కే మనిషి. కూలికి వచ్చే రాజవ్వ ముందు, ఆటో అతని ముందు, మూడో తరగతి పిల్లాడి ముందు కూర్చుంది. మూత 'టక్' మంది. ఆ డబ్బా వాడి చేతుల్లో పెట్టింది.

"నేను తప్పు చేసిన బిడ్డా. నాకు బెల్లం పెట్టు. పెట్టి తిట్టు."

"వదినె! లే వదినె! గిదేం పని!" చెల్లె కేక వేసింది. మా అత్త, "పెద్దదానివి, చిన్నపిలగాని ముంగట గట్ల కూసుంటవా?" అంటూ లేచి వచ్చింది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నేను పుట్టిన దగ్గర నుంచి చూడలేదు. ఆమె ఎవరి మాటా వినలేదు. వాడినే చూస్తోంది.

చిన్నోడు డబ్బాలో చెయ్యి పెట్టాడు. చాలాసేపు వెతికాడు. అడుగున ఉన్న పెద్ద ముక్క తీశాడు. నిమ్మకాయ కాదు, అంతకంటే పెద్దది. ఎవరికీ ఎన్నడూ పెట్టనంత ముక్క. ఆమె నోరు తెరిచింది. కుక్కాడు. రెండు బుగ్గలూ ఉబ్బాయి. ఇంకో వేళయితే అందరం పడి పడి నవ్వేవాళ్లం.

వాడు కూడా ఆమె ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు, అచ్చం ఆమె లాగానే.

"ఊఁ. ఇగ నీ దిక్కు మాట చెప్పు."

ఆమె చెప్పలేకపోయింది. నోటి నిండా బెల్లం. వాడు ఆగాడు. మేమూ ఆగాం. ఆటో అతను ఇంజను ఆపేశాడు. అంత పెద్ద ముక్క కరగాలి కదా. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, దవడలు కదులుతున్నాయి. చివరికి మింగింది.

"భయపడ్డ బిడ్డా" అంది. "పొగల నువ్వు కనవడ్డవ్. నీ మీద పడిందనుకున్న. నువ్వు పోయినవనుకున్న. పోలే అని కనవడంగనే నా చెయ్యి లేచింది. రాజవ్వ కాలు అని మీ అమ్మతోటి అబద్ధం ఆడిన. నాకు రాజవ్వ యాదికే లేదు."

రాజవ్వ కూడా ఆ మాట విన్నది. తల దించుకుంది. నేను ఇంతవరకు అంత నిజం ఎవరి నోటా వినలేదు.

చిన్నోడు ఆమె మూతి తుడవడానికి కొంగు కోసం చూసుకున్నాడు. వాడికి కొంగు లేదు. చొక్కా అంచు పట్టుకుని తుడిచాడు. అప్పుడు తిట్టాడు. ఒక్క మాటే.

"అడుగకుంట కొట్టొద్దు."

"కొట్ట" అంది ఆమె.

"ఎవలి మీద ఒట్టు?"

"బెల్లం డబ్బా మీద ఒట్టు."

అప్పుడు ఏడ్చాడు తల్లీ. నిన్నటి ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు, ఆమె ఒళ్లో పడి. చెల్లె పోయి వాళ్లిద్దరి పక్కన కూర్చుంది. "వదినె, నా కొడుకును తిట్టు. నువ్వు తిట్టకుంటే ఎవలు తిడ్తరు? కానీ చెయ్యెత్తకు. నేను గూడ ఎత్త" అంది. సంచి తీసుకుని లోపలికి పోయింది. వదినె సంచి కూడా తనే తీసుకుపోయింది.

"గయితే నేను పోవాల్నా?" అన్నాడు ఆటో అతను. అతనికి చాయ్ పోసి పంపాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె వచ్చింది. అదే డబ్బా, అదే సొట్ట మూత. కానీ ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పిల్లలు దగ్గరికి వస్తే కుడి చెయ్యి వెనక్కి పోయేది. వీపు వెనక కొంగులో చుట్టుకుని, ఎడమ చేత్తో బెల్లం పెట్టేది. ఎడమ చేత్తో పెట్టొద్దని మా అత్త ఎన్నిసార్లు కసిరినా మానలేదు. చిన్నోడు పెద్దవాడై, మీసం మొలిచాక కూడా, వాడు పక్కకు వస్తే ఆ చెయ్యి వెనక్కి పోయేది. వాడే ఒకసారి ఆ చేతిని బయటకు లాగి పట్టుకుని, "ఉండనియ్యి అత్తమ్మా" అన్నాడు. అయినా పోయేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున మోర్తాడ్ నుంచి ఫోన్ వచ్చింది. వాకిట్లో ముగ్గు వేసి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుందట. అంతే. ఎవరితోనూ ఒక్క మాట లేదు, నొప్పి అనలేదు, నీళ్లు అడగలేదు. మేమంతా బండి మాట్లాడుకుని పోయేసరికి ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. మొహం నిండా పసుపు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

చిన్నోడు నిజామాబాద్ కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. ఇంట్లోకి పోయాడు. అల్మారలో 'టక్' మని చప్పుడయింది. ఏడుస్తున్న మా ఇంటి ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఆగిపోయారు. ఆ చప్పుడు అట్లాంటిది.

డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆమె తల దగ్గర మఠం వేసుకుని కూర్చుని, చిన్న పలుకు తీసి, మూసిన పెదవుల మధ్య పెట్టాడు. మోర్తాడ్ పెద్దమనుషులు అదిరిపోయారు. "ఏయ్, ఏం చేస్తున్నవ్ రా? శవం నోట్లె బెల్లం పెడ్తరా?" అని ఒకాయన చెయ్యి పట్టబోయాడు. చెల్లె ఆయన చెయ్యి ఆపింది. "పెట్టనియ్యుండ్రి. వాడు తిట్టేది ఉన్నది" అంది.

వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఊఁ, నీ దిక్కు మాట చెప్పు అన్నట్టు ఆగాడు. మేమంతా ఆగాం. అప్పుడు వాడు, "చెప్పకుంట పోతవా అత్తమ్మా?" అన్నాడు.

అంతే తిట్టాడు. ఆమె కుడి చెయ్యి తీసి, తన చెంప మీద పెట్టుకుని, కూర్చుండిపోయాడు.

చాయ్ మరిగిపోయినట్టుంది, వాసన వస్తోంది. లేస్తున్నాను. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ పిల్లలను కొట్టే ముందు అడిగే మనిషి ఒకరు, మీ ఇంటి ఏ మూలనో, చంకలో డబ్బా పెట్టుకుని నూరేళ్లు ఉండాలి.